గురువుల దీవెన – శ్రీసభ శాసనం: కామాఠీపుర పొరుగు నుంచి ఒక చారిత్రక పరిశీలన

తెలుగువారి ఇంట ఏ శుభకార్యమైనా పెద్దల దీవెన లేనిదే పూర్తి కాదు. పెండ్లి పందిట్లో వధూవరుల తలలపై రాలే అక్షింతలు, తొలిసారి బడికి వెళ్లే పసివాని నెత్తిన తాత ఉంచే చేయి, పొట్ట చేతపట్టుకొని బొంబాయి రైలెక్కే కొడుకుకు ఊరి పొలిమేరలో తల్లి పలికిన చల్లని మాట – ఇవన్నీ దీవెనలే. దీవించడానికి అర్హత ఏమిటి, దీవెన పొందడానికి అర్హత ఏమిటి అని ఇంటిలో ఎవరూ ప్రశ్నించరు. వయసే ఒకరికి అధికారం, వంగిన తలే మరొకరికి అర్హత.

కాని ఒక వ్యవస్థగా రూపొందిన మతంలో ఈ ప్రశ్నలకు లిఖితపూర్వకమైన సమాధానాలు అవసరమవుతాయి. కథోలిక శ్రీసభ ఈ విషయమై శతాబ్దాల తరబడి శాసనాలు చేసింది, కొన్నింటిని సవరించింది, మరికొన్నింటిని విడిచిపెట్టింది. ఆ మార్పుల వెనుక తెలుగు నేలకు, ముంబయి నగరానికి సంబంధించిన అధ్యాయాలు కూడా ఉన్నవి. కామాఠీపుర గల్లీల్లోనూ, మిల్లు ప్రాంతపు చాళ్లలోనూ అన్ని మతాల తెలుగువారు పక్కపక్క గదులలో బ్రతికినవారే గనుక, పొరుగువారి ఆచారం వెనుకనున్న ధర్మాన్ని తెలుసుకోవడం ఈ సంచిక చదువరులకు అప్రస్తుతం కాబోదు.

కామాఠీల పేట

బొంబాయి దీవుల నడుమనున్న పల్లపు నేలలను పూడ్చి నగరాన్ని విస్తరింపజేసిన 18వ శతాబ్దపు చివరి కాలంలో నిజాం రాజ్యం నుంచి వలస వచ్చిన తెలుగు కూలీలను కామాఠీలని పిలిచారు. రాళ్లు మోసి, మట్టి తవ్వి, గోడలు లేపిన ఆ శ్రామికులు స్థిరపడిన పేటే కామాఠీపుర. తరువాతి కాలంలో నూలు మిల్లులు వెలసినప్పుడు తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు తదితరులు వచ్చి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి ప్రాంతాలలో నివాసాలు ఏర్పరచుకున్నారు. 1920లో ఏర్పడిన బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కట్టించిన బి.డి.డి. చాళ్లలో కూడా తెలుగు కుటుంబాలు చేరినవి.

వీరిలో అధికులు హిందువులు. పద్మశాలీలు మార్కండేయుని తమ కులమూలపురుషునిగా కొలుస్తారు. తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలు పోచమ్మను మరువలేదు. ఆ చాళ్లకు కొద్ది దూరంలోనే వందల ఏళ్ల చరిత్ర గల కథోలిక దేవాలయాలు ఉన్నవి. కామాఠీపురకు సమీపంలో, బైకలాలో కనిపించే గ్లోరియా దేవాలయం 1632లో మజ్‌గావ్‌లో వెలసిన పాత ఆలయానికి వారసురాలు. నేటి కట్టడం 1911–13 మధ్య నిర్మితమైనది. పని మీద ఆ దారిన పోయే తెలుగు కార్మికుడు ఆ గోపురాలను చూడకుండా పోయిన రోజు ఉండదు.

దీవెన అంటే ఏమిటి?

కథోలిక బోధ ప్రకారం జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం మొదలైన దివ్యసంస్కారాలు ఏడు. ఇవి క్రీస్తు స్థాపించినవని శ్రీసభ విశ్వాసం. వీటికి అనుబంధంగా శ్రీసభ స్వయంగా ఏర్పాటు చేసిన పవిత్ర చిహ్నాలు మరికొన్ని ఉన్నవి. తీర్థజలం, విభూది బుధవారపు విభూది, మట్టల ఆదివారపు మట్టలు, గృహాశీర్వాదం, జపమాలకు దీవెన, రోగికి దీవెన – ఇవన్నీ ఈ రెండవ తరగతికి చెందినవి. సంస్కారానికీ దీనికీ తేడా ముఖ్యమైనది. ఇక్కడ ఫలం శ్రీసభ చేసే ప్రార్థన ద్వారానూ, దీవెన పొందేవారి మనసు సిద్ధపాటు ద్వారానూ కలుగుతుందని శ్రీసభ చెబుతుంది. అందువల్ల దీవించిన వస్తువును తాయెత్తులా, మంత్రించిన దారంలా భావించడాన్ని శ్రీసభ ఆమోదించదు.

1983 జనవరి 25న రెండవ జాన్ పాల్ పోపు ప్రకటించగా, అదే ఏడు నవంబరు 27 నుంచి అమలులోకి వచ్చిన న్యాయస్మృతిలో 1166 నుంచి 1172 వరకు గల సూత్రాలు ఈ విషయాన్ని వివరిస్తాయి. కొత్త చిహ్నాలను స్థాపించే అధికారం రోము పీఠానికి మాత్రమే ఉన్నది. ప్రతిష్ఠలు, అభిషేకాలు ప్రధానంగా పీఠాధిపతులవి. పోపుకు, పీఠాధిపతులకు ప్రత్యేకించినవి తప్ప మిగిలిన దీవెనలను ఏ గురువైనా ఇవ్వవచ్చును. డీకను మాత్రం చట్టం స్పష్టంగా అనుమతించిన దీవెనలనే ఇవ్వగలడు. కొన్నింటిని స్థానిక పీఠాధిపతి నిర్ణయం మేరకు, పూజా గ్రంథాలను అనుసరించి, గురుపట్టం లేని విశ్వాసులు కూడా నిర్వహించవచ్చును. దుష్టాత్మను వెడలగొట్టే ప్రార్థనకైతే స్థానిక అధికారి ప్రత్యేకమైన అనుమతి ఉండి తీరాలి.

ఈ మెట్ల వరుస ఆలయ నిర్మాణంలో స్పష్టంగా కనబడుతుంది. కొత్త దేవాలయాన్ని ప్రతిష్ఠించేది ఆ మేత్రాసనపు పీఠాధిపతి. ఆయన ఆ పనిని మరొక పీఠాధిపతికి అప్పగించవచ్చును; అసాధారణ సందర్భాలలో మాత్రమే ఒక గురువుకు అప్పగిస్తారు. అదే చాల్‌లో ఒక గదికి దీవెన కావలసివస్తే దానికి ఏ గురువైనా చాలును.

తెలుగు నేలపై తాళి, విభూది, గడప

దీవెన ఎవరి గడప దాటాలన్న ప్రశ్న తెలుగు క్రైస్తవ చరిత్రలో మొదటి నుంచీ ఉన్నదే. 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెస్విటు గురువులు పుదుచ్చేరి నుంచి ఉత్తరంగా సాగి తెలుగు సీమలో కర్ణాటక మిషను నెలకొల్పారు. పుంగనూరు, కృష్ణాపురం వంటివి దాని తొలి కేంద్రాలు. సన్యాసుల వేషం ధరించి, శాకాహారం తీసుకొని, స్థానిక మర్యాదలు పాటించిన ఆ గురువులు కులాచారాలలో చాలావాటిని లౌకిక మర్యాదలుగా పరిగణించి, వాటి జోలికి పోలేదు.

దీనిపై వచ్చిన ఫిర్యాదులను విచారించేందుకు పోపు పంపిన రాయబారి మైయార్ ద తుర్నోన్ 1704 జూన్ 23న పుదుచ్చేరిలో ఒక శాసనం చేశారు. అది మధుర, మైసూరు, కర్ణాటక మిషనులన్నిటికీ వర్తించింది. విఘ్నేశ్వరుని ప్రతిమ గల తాళిని క్రైస్తవ స్త్రీలు ధరించరాదనీ, దానికి బదులు సిలువ గుర్తునో మరియమాత రూపమో ఉండాలనీ ఆ శాసనం నిర్దేశించింది. నొసటి విభూది గుర్తులను నిషేధించి, శ్రీసభ ఆశీర్వదించి పెట్టే విభూదిని మాత్రమే అనుమతించింది. వీటన్నిటికంటె లోతైన అంశం మరొకటి అందులో ఉన్నది. అంటరానివారిగా పరిగణింపబడిన వారి ఇళ్లలోకి గురువులు వెళ్లకుండా, మరణశయ్యపై ఉన్న రోగిని బయటికి మోసుకొని రమ్మనే ఆచారాన్ని అది తప్పుపట్టింది. వ్యాధిగ్రస్తుడు ఏ కులంవాడైనా గురువు అతని ఇంటికి వెళ్లవలసినదేనని ఆజ్ఞాపించింది.

ఈ ఆజ్ఞ అమలుకు నోచుకోవడం సులభం కాలేదు. నలభై ఏళ్ల వాదోపవాదాల తరువాత 1744 సెప్టెంబరు 12న పదునాలుగవ బెనెడిక్టు పోపు మరొక శాసనంతో వివాదానికి తెరదించారు. నిమ్న కులాల సేవకు ప్రత్యేకంగా కొందరు గురువులను నియమించే ఏర్పాటు ఆ రాజీలో భాగం. సూత్రం నిలిచినది, సమానత్వం మాత్రం సగమే నిలిచినది. ఈ వివాదానికి సంబంధించి మిషనరీల చేత చేయించే ప్రమాణాన్ని రోము 1940లో రద్దుచేసింది.

నాటి తాళి నేటికీ ఉన్నది. తెలుగు కథోలిక వివాహంలో గురువు మంగళసూత్రాన్ని ఆశీర్వదించి వరునికి అందించే ఆచారం ఆ పాత వివాదం నుంచి మిగిలిన చక్కని ఫలం. నాటి గడప కథ కూడ ఒక మలుపు తిరిగింది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినలుగా నియుక్తులైనారు. తెలుగువారిలో మొదటి కార్డినలు ఆయనే, దళితులలో మొదటి కార్డినలు కూడ ఆయనే. ఏ ఇంటి గడప గురువు దాటవచ్చునా అని మూడు శతాబ్దాల క్రితం వాదులాడుకున్నారో, ఆ గడప నుంచి వచ్చిన చేయి నేడు దీవిస్తున్నది.

ఒకే నగరం, రెండు అధికారాలు

ముంబయిలో ప్రశ్న మరొక రూపం ధరించింది. ఇక్కడ వివాదం దీవెన పొందేవారి గురించి కాదు, దీవించేవారి గురించి. 1661 వివాహ ఒప్పందం ద్వారా పోర్చుగీసువారు బొంబాయిని ఆంగ్లేయ రాజుకు ఇచ్చిన తరువాత కూడ కథోలిక గురువులు గోవా అగ్రపీఠాధిపతి కిందనే ఉన్నారు. 1720లో ఆంగ్లేయ ప్రభుత్వం పోర్చుగీసు గురువులను పంపివేసి, రోము నుంచి నేరుగా అధికారం పొందిన కార్మెలైటు గురువులను స్వాగతించింది. ఇరుపక్షాల నడుమ నలిగిన ఆలయాలను 1794లో పంచవలసి వచ్చింది. అప్పటి నుంచి 1928 వరకు ఒకే నగరంలో రెండు కథోలిక అధికార పరంపరలు సాగినవి. 1853లో మాహిం సెయింట్ మైకేల్ దేవాలయం కోసం జరిగిన పెనుగులాటలో బిషప్ హార్ట్‌మన్ ఆ ఆలయంలోనే ఉండిపోయి దాన్ని కాపాడుకొనజూచారు. అయినను అది ఎదుటిపక్షం చేతికి వెళ్లినది.

నూట ముప్పై ఏళ్లకు పైగా సాగిన ఆ ద్వంద్వ పాలనలో సామాన్య విశ్వాసికి కలిగిన ఇబ్బందిని చట్టం దృష్ట్యా చూస్తే స్పష్టమవుతుంది. 1917లో ప్రకటితమై 1918 మే 19 నుంచి అమలైన తొలి సమగ్ర న్యాయస్మృతి 462వ సూత్రం కొన్ని కార్యాలను విచారణ గురువుకే ప్రత్యేకించింది. పవిత్ర శనివారం నాడు గాని, స్థానిక ఆచారం ప్రకారం మరొక దినాన గాని ఇళ్లను దీవించడం వాటిలో ఒకటి. తన విచారణ గురువు ఎవరో నిశ్చయంగా తెలిసినప్పుడే ఈ నియమం సవ్యంగా నడుస్తుంది. రోము పీఠానికీ పోర్చుగల్‌కూ మధ్య 1928లో కుదిరిన ఒప్పందం బొంబాయిలో రెండు అధికారాలను ఒకటి చేసి ఈ చిక్కును విప్పినది.

చట్టంలో వచ్చిన మలుపు

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధనా శాసనం దీవెనల విషయంలో రెండు మార్గాలు తెరిచింది. పైవారికి ప్రత్యేకించిన దీవెనలు చాలా కొద్దిగానే ఉండాలన్నది మొదటిది. తగిన అర్హత గల విశ్వాసులు కూడ కొన్నింటిని నిర్వహించే ఏర్పాటు ఉండాలన్నది రెండవది. ఆ బాటలోనే 1983 న్యాయస్మృతి విచారణ గురువుకు ప్రత్యేకించిన కార్యాలను 'విశేషంగా అప్పగింపబడిన' కార్యాలుగా మార్చింది. ఇళ్ల దీవెన ఆ పట్టికలో నుంచి తొలగిపోయింది. 1984 మే 31న వెలువడిన కొత్త ఆశీర్వాద గ్రంథం, 1614 నాటి రోమను ఆచార గ్రంథంలోని పాత దీవెనలకు కొత్త రూపమిచ్చింది.

ఆ గ్రంథంలో తల్లిదండ్రులు తమ బిడ్డలను దీవించే క్రమం ఉన్నది. భోజనానికి ముందు ఇంటి పెద్ద దీవించే క్రమం ఉన్నది. ఉపదేశులు కొన్నింటిని నడిపించవచ్చును. అయితే గురువు చేసే దీవెనకూ, విశ్వాసి చేసే దీవెనకూ బాహ్యంగానే భేదం కనబడుతుంది. గురువు చేతులు చాచి, సిలువ గుర్తు వేసి దీవిస్తారు. విశ్వాసి చేతులు జోడించి ప్రార్థిస్తాడు. ఉదాహరణకు విభూది బుధవారం నాడు విభూదిని ఆశీర్వదించేది గురువో డీకనో. దాన్ని నొసట పెట్టడంలో ఇతరులు సాయపడవచ్చును. శ్రీసభ జీవితానికీ, సంస్కారాలకూ ఎంత దగ్గరగా ఉంటే ఆ దీవెన అంత గట్టిగా గురుపట్టం పొందినవారికి చెందుతుందనే 1992 నాటి సత్యోపదేశ గ్రంథపు సూత్రం దీనికి మూలం.

మాహిం బుధవారం, బాంద్రా జాతర

కథోలికులు కానివారి మాటేమిటి? చాళ్లలోని తెలుగువారికి ఇది ఊహలోని ప్రశ్న కాదు. మాహిం సెయింట్ మైకేల్ దేవాలయంలో 1948లో ఆరంభమైన బుధవారపు నొవేనా ప్రార్థనలకు అన్ని మతాలవారూ బారులు తీరుతారు. సెప్టెంబరు 8న మరియమాత జన్మదినోత్సవాన్ని పురస్కరించుకొని బాంద్రా కొండమీద జరిగే జాతర నగరమంతటికీ పండుగ. కోలీలు ఆ తల్లిని మోత్ మావులీ అంటారు. కాలు నొప్పిగలవారు మైనపు కాలును, ఇల్లు కోరేవారు మైనపు ఇంటిని సమర్పించడం అక్కడి వాడుక. విజయవాడ గుణదల తిరునాళ్లను ఎరిగిన తెలుగువారికి ఇందులో వింత తోచదు.

ఇక్కడ చట్టంలో ఒక సూక్ష్మమైన మార్పు గమనించదగినది. 1917 స్మృతిలోని 1149వ సూత్రం కథోలికులు కానివారికి కూడ దీవెన ఇవ్వవచ్చునని అంగీకరిస్తూనే, వారికి విశ్వాస జ్యోతి లభించేందుకు గాని, దానితోపాటు దేహారోగ్యం కలిగేందుకు గాని అని ఒక ప్రయోజనాన్ని జోడించింది. 1983 స్మృతిలోని 1170వ సూత్రం దీవెన మొదటగా కథోలికులకనీ, జ్ఞానస్నానానికి సిద్ధపడేవారికి కూడ ఇవ్వవచ్చుననీ, శ్రీసభ నిషేధం లేనప్పుడు కథోలికులు కానివారికి సైతం ఇవ్వవచ్చుననీ చెప్పి ఊరుకున్నది. ప్రయోజనం గురించిన ఆ షరతు అందులో లేదు. దీవెనకు పాత్రుడు కావడానికి మతం మారే ఉద్దేశం ఉండనక్కరలేదని దీని భావం. బుధవారం నాడు మాహింలో తలవంచి నిలిచే పద్మశాలి గృహిణికి ఈ సూత్రం సంఖ్య తెలియకపోవచ్చును, కాని ఆమె నిలిచిన చోటును చట్టం కూడ గుర్తించింది.

వెలివేయబడిన గడపలు

కామాఠీపుర పేరు వినగానే లోకానికి స్ఫురించేది దానిని నిర్మించిన తెలుగు కూలీలు కారు. ఆ పేటలో దేహవిక్రయానికి లోనైన స్త్రీల దుఃఖమే ఆ పేరును కప్పివేసింది. ఈ పేటలో పుట్టి పెరిగిన బిడ్డలు బడిలో, ఉద్యోగంలో తమ చిరునామా చెప్పడానికి జంకిన కాలమున్నది. అట్టి చోట దీవెన ఎవరికి అన్న ప్రశ్న పండితుల చర్చగా మిగలదు. సమాజం వెలివేసిన మనిషి నెత్తిన చేయి ఉంచడానికి చట్టం అడ్డుపడుతుందా?

అడ్డుపడదు. దివ్యసత్ప్రసాదం వంటి సంస్కారాల స్వీకారానికి శ్రీసభ కఠిన నియమాలు విధించింది. సామాన్యమైన దీవెనకు అట్టి విచారణ లేదు. 2023 డిసెంబరు 18న నాటి పోపు ఫ్రాన్సిస్ ఆమోదంతో రోము వెలువరించిన పత్రం పూజాక్రమంలోని దీవెననూ, దారిలో ఎదురైనవాడు అడిగిన వెంటనే గురువు ఇచ్చే దీవెననూ వేరుపరచింది. రెండవదానికి ముందు మనిషి నైతిక జీవితాన్ని కూలంకషంగా పరీక్షించడం షరతు కారాదని చెప్పింది. ఆ పత్రం వివాహ ధర్మానికి వెలుపల కలిసి జీవించే జంటలను గురించి చెప్పిన మాటలు వివిధ దేశాల పీఠాధిపతుల మధ్య తీవ్రమైన అభిప్రాయభేదాలకు దారితీసినవి. ఆ వివాదం ఎటు సాగినా, దీవెన కోరడం మనిషి తన అసహాయతను ఒప్పుకోవడమన్న అందులోని భావం కొత్తది కాదు. 1704లో రోగి ఇంటికి వెళ్లమన్న ఆజ్ఞలోనూ దాని బీజమున్నది.

పేదరికం విషయంలోనూ చట్టం మౌనంగా లేదు. సంస్కారాలను నిర్వహించే గురువు నిర్ణీతమైన కానుకకు మించి అడుగరాదనీ, పేదరికం కారణంగా ఎవరూ సంస్కారాలకు దూరం కాకుండా చూడాలనీ 848వ సూత్రం ఆదేశిస్తున్నది. మరణశయ్యపై ఉన్న విశ్వాసికి పోపు పేరిట ఇచ్చే అంతిమ ఆశీర్వాదాన్ని ఏ గురువైనా ఇవ్వవచ్చును. దానికి పీఠాధిపతి రావలసిన పని లేదు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెతో జీవనాధారం కోల్పోయిన చాళ్లలో ఇట్టి నిబంధనల విలువ ఏపాటిదో ఊహించవచ్చును.

బడికీ ఒక దీవెన

ఈ చరిత్ర మొత్తం మీద రెండు ధారలు కనబడుతున్నవి. ఒకటి, దీవించే అధికారానికి హద్దులు గీయడం. రెండవది, దీవెన చేరవలసిన గడపలను విస్తరింపజేయడం. మొదటిది లేకుంటే గందరగోళం ఏర్పడుతుందని బొంబాయి ద్వంద్వ పాలన నిరూపించింది. రెండవది లేకుంటే మొదటిదానికి అర్థమే ఉండదని కర్ణాటక మిషను వివాదం నేర్పింది. నాలుగు శతాబ్దాల మార్పులను గమనిస్తే హద్దులు క్రమంగా సడలినవి, గడపలు క్రమంగా పెరిగినవి.

1984 నాటి ఆశీర్వాద గ్రంథంలో కొత్త పాఠశాల భవనానికీ, విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ ప్రత్యేకమైన దీవెన క్రమాలున్నవి. చదువు చెప్పేవారినీ, చదువుకునేవారినీ కలిపి దీవించాలని శ్రీసభ భావించడం గమనార్హం. తెలుగు మాధ్యమంలో చదివే బిడ్డలకు ఈ మహానగరంలో దీవెనల అవసరం మరింత ఎక్కువ. అన్నం పెట్టే భాష వేరు, అమ్మ పలికే భాష వేరు అయిన చోట, అమ్మ భాషలో అక్షరం నేర్పిన ఉపాధ్యాయుని చేతికి గురుపట్టం లేకపోయినా, ఆ చేయి తలమీద నిలిచిన క్షణం ఏ విద్యార్థీ మరువడు.

డెబ్బదియైదేండ్లుగా ఈ బడి గడప దాటిన పిల్లలలో మార్కండేయుని కొలిచేవారున్నారు, జపమాల చేతపట్టేవారున్నారు, నమాజు చదివేవారున్నారు. గడప ఒక్కటే. ఏ మతశాసనమైనా చివరకు చేరవలసిన చోటు కూడ అదే – అడిగినవాని తల వంగి ఉన్నప్పుడు, దీవించేవాని చేయి ముడుచుకొనిపోకుండా ఉండడం.